కీ మాత్రం లినక్స్ చేతికివ్వను: ట్రాన్సీవర్ ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నానంటే

లోపలే లినక్స్ కంప్యూటరున్న ట్రాన్సీవర్, అంటే ప్రసారమూ వినడమూ రెండూ చేసే హ్యామ్ (అభిరుచి కోసం నడిపే) రేడియో. డిజిటల్ మోడ్‌లు (కంప్యూటర్‌తో సందేశాలు పంపే పద్ధతులు) వచ్చాక హ్యామ్ టేబుల్ మీద రేడియో కన్నా వైర్లే ఎక్కువ. రిగ్గు (రేడియో సెట్టు), పక్కన లాప్‌టాప్, రెంటికీ నడుమ సౌండ్ కార్డు ఇంటర్‌ఫేసు, రేడియోని కంప్యూటర్‌తో నడిపించే క్యాట్ కేబుల్, యూఎస్‌బీ హబ్బు. ఇవన్నీ తీసుకెళ్లి ఒకే పెట్టెలో పెట్టేస్తే పోలా అన్న ఆలోచన నాది కాదు, పాతదే. ఫ్లెక్స్ రేడియో వాళ్ల ఫ్లెక్స్-5000సీలో అచ్చంగా విండోస్ కంప్యూటరే ఉండేది. ఇవాళ ఎలెక్రాఫ్ట్ కే4 లోపల లినక్స్ నడుస్తోంది. చేతిలో పట్టే షీగూ ఎక్స్6100లో కూడా ఆల్‌విన్నర్ ఆర్16 చిప్పు మీద లినక్సే. అపాచీ ల్యాబ్స్ అనాన్ జీ2లో రాస్ప్‌బెర్రీ పై (బుల్లి కంప్యూటర్ బోర్డు) కంప్యూట్ మాడ్యూల్ 4 ఉంది. బిట్‌ఎక్స్ అనే ఇంట్లో కట్టుకునే ట్రాన్సీవర్ రూపకర్త అశ్హర్ ఫర్హాన్ గారి ఎస్‌బిట్‌ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై 4. దాని సర్క్యూటు, సీ భాషలో రాసిన ప్రోగ్రాము రెండూ దాపరికం లేకుండా అందరికీ ఇచ్చేశారు. నాకు ఈ పనిలో దిగే ధైర్యం వచ్చింది ఆ ప్రోగ్రాము చదివాకే.

అలాగని దాన్ని దించెయ్యట్లేదు. ఎస్‌బిట్‌ఎక్స్ సూపర్‌హెట్, అంటే వచ్చిన సిగ్నల్‌ని ముందు ఒక స్థిర పౌనఃపున్యానికి మార్చుకునే రకం. 40 మెగాహెర్ట్జ్ దగ్గర క్రిస్టల్ ఫిల్టరు దాటించి, ఆ సిగ్నల్‌ని 24 కిలోహెర్ట్జ్‌కి దింపి కోడెక్‌కి (సిగ్నల్‌ని అంకెలుగా, అంకెల్ని సిగ్నల్‌గా మార్చే చిప్పు) అందిస్తుంది. నేను క్రిస్టల్ ఫిల్టర్ జోలికి పోకుండా ఐ-క్యూ దారి పట్టాను: ఒకే సిగ్నల్‌ని 90 డిగ్రీల తేడాతో రెండు కాపీలుగా, ఐగా, క్యూగా తీసుకోవడం. ఎడమ ఛానల్లో ఐ, కుడి ఛానల్లో క్యూ, 96 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్. అంటే వాటర్‌ఫాల్ (సిగ్నళ్లని కిందికి జారే చిత్రంగా చూపించే తెర) మీద ఒక్క చూపులో అటు 48, ఇటు 48 కిలోహెర్ట్జ్ కనిపిస్తాయి. బ్యాండు అంత వెడల్పుగా కనిపించడం అలవాటైతే వెనక్కి పోవడం కష్టం. దీనికి కట్టాల్సిన మూల్యం ఇమేజ్ సిగ్నళ్లు, అంటే అటుపక్క స్టేషన్‌కి ఇటుపక్క కనిపించే నకళ్లు. వాటి సంగతి కింద వస్తుంది.

సామాను క్లుప్తంగా: రాస్ప్‌బెర్రీ పై 4 (ఇక మీద ఉత్త 'పై'), డబ్ల్యూఎం8731 కోడెక్, ఎస్‌ఐ5351 క్లాక్ చిప్పు, స్విచింగ్ మిక్సర్లకి రెండు 74సీబీటీ3253లు, చివర ప్రసార శక్తినిచ్చే ఫైనల్ ట్రాన్సిస్టర్లుగా పుష్-పుల్‌లో ఆర్‌డీ16హెచ్‌హెచ్‌ఎఫ్1 జత, ఏడంగుళాల టచ్ స్క్రీన్. వీటితో పాటు ఒక రాస్ప్‌బెర్రీ పై పికో. నాలుగు కోర్‌ల కంప్యూటర్ పెట్టుకుని మళ్లీ ఆ బుల్లి మైక్రోకంట్రోలర్ దేనికని అడిగినవాళ్లు ఉన్నారు. ఈ డైరీలో సగం దానికి జవాబే.

పిన్నుల పంపకం

పీటీటీ లైను, అంటే ప్రసారం ఆన్ చేసే తీగ, ఏ పిన్నుకి కలపాలి? పైలో జీపీఐఓ 4 (ప్రోగ్రాముతో నడిపే పిన్నుల్లో ఒకటి) ఖాళీగా ఉంది, బోర్డు మీద ట్రాక్ లాగడానికీ దగ్గర. అయినా తీసుకోలేదు. పవర్ ఇచ్చిన క్షణంలో, ఇంకా ఏ సాఫ్ట్‌వేరూ లేవకముందు, పై పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా ఉంటాయి. వాటిలో 0 నుంచి 8 దాకా లోపలి పుల్-అప్‌తో (ఆన్ వైపు లాగే రెసిస్టర్), 9 నుంచి 27 దాకా పుల్-డౌన్‌తో (ఆఫ్ వైపు లాగేది) మొదలవుతాయి. అంటే జీపీఐఓ 4 బూటు పూర్తయ్యేదాకా సన్నగా పైకి లాగబడి ఉంటుంది. దానికి పీటీటీ ట్రాన్సిస్టర్ బేస్ తగిలిస్తే, లినక్స్ కళ్లు తెరిచేలోపే ట్రాన్స్‌మిటర్ ఆన్ అయి కూర్చుంటుంది. 9 పైనున్న పిన్ను తీసుకుని, బయట 10 కిలో ఓమ్స్ పుల్-డౌన్ కూడా పెడితే ఈ గండం గడుస్తుంది.

కానీ అది బూటు సమయపు గండం మాత్రమే. మాట్లాడుతుండగా, కీ నొక్కి ఉండగా లినక్స్ బిగుసుకుపోతే? పైలో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (బిగుసుకుంటే రీస్టార్ట్ చేసే టైమరు) ఉన్నమాట నిజమే, దాని గడువు గరిష్ఠంగా 15 సెకన్లు. సర్వర్‌కి 15 సెకన్లు చాలు. యాంటెన్నా సరిగ్గా లేని స్థితిలో పూర్తి క్యారియర్‌తో (ప్రసార తరంగం) ఇరుక్కుపోయిన ఫైనల్ ట్రాన్సిస్టర్లకి 15 సెకన్లంటే యుగం.

అందుకని పీటీటీని 'పై' చేతికి ఇవ్వలేదు. పికోకిచ్చాను. పై ప్రసారం చెయ్యాలనుకుంటే సీరియల్ లైను మీద పికోని అడుగుతుంది. పికో చూసుకుని, రిసీవర్ మ్యూట్ చేసి, రిలే వేసి, దాని కాంటాక్టులు కుదురుకునేదాకా 8 మిల్లీసెకన్లు ఆగి, అప్పుడు బయాస్ (ట్రాన్సిస్టర్లని పనిలోకి దించే వోల్టేజి) ఇస్తుంది. దించేటప్పుడు ఇదే వరస తలకిందులుగా. ఎస్‌డబ్ల్యూఆర్ బ్రిడ్జి (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి తిరిగొస్తోందో చూసేది) కొలతలూ పికోకే వెళ్తాయి, హద్దు దాటితే బయాస్ తగ్గించే అధికారమూ దానిదే. లినక్స్‌కి కబురు తర్వాత అందుతుంది.

సైడ్‌టోన్ పంచాయితీ

మొదట అన్నీ పైలోనే చేసి చూశాను. ప్యాడిల్ (మోర్స్ కొట్టే మీట) జీపీఐఓకి, సైడ్‌టోన్ (కొట్టింది మనకే వినిపించే కూత) కోడెక్ నుంచి. వినడానికి ఎంత ఘోరంగా ఉందో చెప్పాలంటే లెక్క చూపించాలి.

డీఎస్‌పీ (సిగ్నల్‌ని లెక్కలతో శుద్ధి చేసే భాగం) 1024 శాంపిళ్ల బ్లాకుల్లో నడుస్తుంది. 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక బ్లాకు నిండడానికి 10.7 మిల్లీసెకన్లు. ఫిల్టర్ ఆలస్యం ఇంకో 5. బయటికెళ్లే వైపు ఏఎల్‌ఎస్‌ఏ (లినక్స్ శబ్ద వ్యవస్థ) బఫర్లో నాలుగు బ్లాకులు వరసలో నిలబడి ఉంటే 43. కలిపితే 60 మిల్లీసెకన్ల దగ్గర తేలుతుంది. నిమిషానికి 20 మాటల వేగంలో మోర్స్ చుక్క నిడివి సరిగ్గా 60 మిల్లీసెకన్లు. అంటే ఒక చుక్క కొట్టడం అయిపోయాక దాని శబ్దం మొదలవుతుంది. 30 మాటల వేగానికి వెళ్తే చుక్క 40 మిల్లీసెకన్లే, చేతికీ చెవికీ పొంతనే ఉండదు. కొన్ని అక్షరాలు కొట్టేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది, తర్వాత తడబడుతుంది.

బ్లాకు 256కి తగ్గిస్తే 2.7 మిల్లీసెకన్లు అవుతుంది. కానీ అప్పుడు వాటర్‌ఫాల్ గీస్తున్నప్పుడల్లా బఫర్ ఖాళీ అయిపోయి టప్పుమని శబ్దాలు. ఆడియో థ్రెడ్‌కి రియల్‌టైం ప్రాధాన్యం ఇచ్చి, ఒక కోర్‌ని దానికే కేటాయిస్తే చాలావరకు తగ్గాయి. రియల్‌టైం కెర్నెల్ కూడా ఇప్పుడు అంత తలనొప్పి కాదు. ఏళ్ల తరబడి విడిగా ప్యాచ్‌గా తిరిగిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ 2024లో వచ్చిన 6.12తో అసలు కెర్నెల్లోకే చేరింది. దాంతో పరిస్థితి ఇంకా మెరుగైంది. అయినా నాకు తృప్తి కలగలేదు. 'చాలావరకు' అనే మాట మోర్స్‌కి పనికిరాదు. వెయ్యి చుక్కల్లో ఒకటి సాగిపోయినా అవతలి ఆపరేటర్ చెవికి తెలిసిపోతుంది.

ఇప్పుడున్న ఏర్పాటు వేరు. ప్యాడిల్ పికోకి. సైడ్‌టోన్ పికో పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే పల్సులు) నుంచి 600 హెర్ట్జ్‌లో పుట్టి, ఒక ఆర్‌సీ ఫిల్టర్ దాటి, స్పీకర్ యాంప్లిఫయర్ దగ్గర అనలాగ్‌గానే కోడెక్ శబ్దంతో కలుస్తుంది. క్యారియర్ కూడా కోడెక్ నుంచి రాదు. ఎస్‌ఐ5351కి మూడు అవుట్‌పుట్‌లు. మొదటి రెండూ రిసీవర్ మిక్సర్‌కి, మూడోది సీడబ్ల్యూ (మోర్స్) క్యారియర్‌గా నేరుగా డ్రైవర్‌కి. కీ నొక్కినప్పుడు డ్రైవర్ బయాస్‌ని పికో 5 మిల్లీసెకన్లలో రైజ్డ్ కొసైన్ వంపులో ఎత్తుతుంది, వదిలినప్పుడు అలాగే దించుతుంది. మాస్‌ఫెట్ బయాస్‌కీ అవుట్‌పుట్‌కీ సరళరేఖ సంబంధం ఉండదు కనుక వంపు పట్టికని ఆసిలోస్కోపు చూస్తూ సవరించాల్సొచ్చింది: మొదట్లో నిదానంగా, నడుమ చప్పున, పైన మళ్లీ నిదానంగా. అంచులు గుండ్రబడ్డాక కీ క్లిక్కులు (కీ నొక్కినప్పుడల్లా పక్క పౌనఃపున్యాల్లో వినిపించే టక్కులు) పోయాయి. మొత్తం మీద సీడబ్ల్యూ ప్రసారంలో లినక్స్ ప్రమేయం సున్నా. పౌనఃపున్యం ఎంతో పికోకి చెప్పడం వరకే దాని పని. ఎస్‌ఐ5351 ఐ2సీ (ఆదేశాలు పంపే) లైను కూడా పికో దగ్గరే ఉంది కనుక ట్యూనింగ్ నాబ్ తిప్పినప్పుడు ఎన్‌కోడర్ మెట్లు తప్పిపోవడం లేదు. పైలో ఉన్నప్పుడు వేగంగా తిప్పితే సగం మెట్లు గాల్లో కలిసిపోయేవి.

తొంభై డిగ్రీలు

ఐ-క్యూ మిక్సర్‌కి 90 డిగ్రీల తేడాతో రెండు క్లాకులు కావాలి. ఎస్‌ఐ5351లో ఫేజ్ రిజిస్టర్ ఉంది. దాని ఒక మెట్టు లోపలి వీసీఓ (అసలు తరంగం పుట్టించే ఆసిలేటర్) పీరియడ్‌లో నాలుగో వంతు. అందువల్ల ఒక చక్కని సౌకర్యం ఏర్పడింది: డివైడర్ సరిసంఖ్య పెట్టుకుని, అదే సంఖ్యని ఫేజ్ రిజిస్టర్లో రాస్తే ఖచ్చితంగా 90 డిగ్రీలు. 7.1 మెగాహెర్ట్జ్‌కి డివైడర్ 88 తీసుకుంటే వీసీఓ 624.8 మెగాహెర్ట్జ్, ఫేజ్ రిజిస్టర్లో 88. డివైడర్ మార్చినప్పుడల్లా పీఎల్ఎల్ (వీసీఓని అదుపులో పెట్టే భాగం) రీసెట్ ఇవ్వాలి, లేకపోతే ఫేజ్ ఎక్కడో తేలుతుంది. రీసెట్ ఇచ్చిన ప్రతిసారీ స్పీకర్లో చిన్న టిక్కు వస్తుంది కాబట్టి ఒక బ్యాండులో ఉన్నంతసేపూ డివైడర్ కదపకుండా వీసీఓనే జరుపుతున్నాను.

చిక్కు 80 మీటర్ల బ్యాండులో (3.5 మెగాహెర్ట్జ్ దగ్గర). ఆ రిజిస్టర్ ఏడు బిట్లది, 127 దాటదు. సరిసంఖ్యల్లో పెద్దది 126. 3.5ని 126తో గుణిస్తే 441 మెగాహెర్ట్జ్. డేటాషీటు ప్రకారం వీసీఓ 600 నుంచి 900 దాకానే నడవాలి. నా చిప్పు 441లో కూడా లాక్ అవుతోంది, వేడెక్కినా నిలబడింది. చాలామంది ఇలాగే వాడుతున్నారు. కానీ హామీ లేని చోట కట్టిన ఇల్లిది, చిప్పు మారిస్తే మళ్లీ పరీక్షించాలి. నిక్కచ్చిగా ఉండాలనుకునేవాళ్లు 80కి మాత్రం నాలుగు రెట్ల క్లాకు తీసి ఫ్లిప్-ఫ్లాపులతో భాగిస్తే సరిపోతుంది.

ఇక ఇమేజ్. ఐ, క్యూల మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉంటే ఇమేజ్ 41 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది, అంతకన్నా తగ్గదు. బ్యాండు ఖాళీగా ఉన్నప్పుడు ఫర్వాలేదు. అవతల ఒక బలమైన స్టేషన్ ఉంటే ఇటువైపు దాని దయ్యం కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్లో ఫేజుకో గుణకం, ఆంప్లిట్యూడ్‌కో గుణకం పెట్టి, బ్యాండు బ్యాండుకీ విడిగా సవరించి దాచుకుంటున్నాను. లోకల్ ఆసిలేటర్‌ని వినే పౌనఃపున్యానికి 12 కిలోహెర్ట్జ్ పక్కన పెట్టడం వల్ల మధ్యలో ఉండే హమ్, తక్కువ పౌనఃపున్యపు రొద తప్పిపోయాయి.

ఈ సవరింపు అంతా ఒక్కోసారి ఉన్నట్టుండి నీళ్లపాలయ్యేది. ఆడియో బఫర్ పొంగిపొర్లి మళ్లీ మొదలైనప్పుడు ఎడమ కుడి తారుమారు. ఐ, క్యూలు మారితే స్పెక్ట్రం మొత్తం అద్దంలో తిరగబడుతుంది. అప్పటిదాకా లోయర్ సైడ్‌బ్యాండులో స్పష్టంగా వినిపిస్తున్న గొంతు మాయమై, నడిమికి అటుపక్క అప్పర్ సైడ్‌బ్యాండులా ప్రత్యక్షం. ఇప్పుడు స్ట్రీమ్ మొదలైన ప్రతిసారీ రిసీవర్‌కి తెలిసిన చోట ఒక బలహీనమైన టోను పికో చేత క్షణకాలం ఇప్పిస్తున్నాను. అది ఏ పక్క పడిందో చూసి, తప్పు పక్క పడితే ప్రోగ్రామే ఛానళ్లు మార్చుకుంటుంది. ఎస్‌ఐ5351 మూడో అవుట్‌పుట్ ఇక్కడ రెండోసారి అక్కరకొచ్చింది.

రొద ఎవరిది?

కంప్యూటర్‌ని రిసీవర్ పక్కన పెట్టినవాడు బర్డీలకి (రేడియో లోపలే పుట్టే దొంగ సిగ్నళ్లు) సిద్ధపడాలి. ఎవరిది ఏ బర్డీనో గుర్తుపట్టడంలో ఒక సరదా ఉంది, పోలీసు పని లాంటి సరదా. క్రిస్టల్ నుంచి పుట్టినవి వాటర్‌ఫాల్ మీద నిటారుగా గీత గీసినట్టుంటాయి, కదలవు. స్విచింగ్ రెగ్యులేటర్ నుంచి వచ్చినవి లోడుతో పాటు ఊగుతాయి. టచ్ స్క్రీన్ మీద వేలు పెట్టి కిటికీ లాగితే గీత వంకర పోయిందంటే దొంగ 5 వోల్టుల బక్ కన్వర్టరే.

నిటారు గీతల్లో నన్ను ఎక్కువగా వేధించినవి 7.008, 7.104, 7.200 దగ్గరవి. మధ్య దూరం చూడండి, 96 కిలోహెర్ట్జ్. కోడెక్ లెఫ్ట్-రైట్ క్లాకు! 96 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగం, దాని 73వ, 74వ, 75వ హార్మోనిక్‌లు వచ్చి సరిగ్గా 40 మీటర్ల బ్యాండులో కూర్చున్నాయి. చిత్రమేమిటంటే ఎక్కువ భయపడిన బిట్ క్లాకు ఏ హానీ చెయ్యలేదు: 6.144 మెగాహెర్ట్జ్, దాని గుణకాలు 12.288, 18.432, 24.576 అన్నీ హ్యామ్ బ్యాండుల బయటే పడ్డాయి. కోడెక్ మాస్టర్‌గా నడుస్తోంది కనుక క్లాకులు పుట్టే కోడెక్ కాళ్ల దగ్గరే 33 ఓమ్స్ రెసిస్టర్లు సీరీస్‌లో పెట్టి, పై వరకూ వెళ్లే తీగల పక్కన గ్రౌండు తీగలు నడిపాను. గీతలు నాయిస్‌లో కలిసిపోయాయి, యాంటెన్నా తీసేసి వెతికితే తప్ప కనబడవు.

బక్ కన్వర్టర్‌ని రేకు డబ్బాలో పెట్టి, రెండు వైపులా ఎల్‌సీ ఫిల్టర్, ఫెరైట్ చోక్. సీపీయూ వేగాన్ని ఒక్కచోట బిగించేశాను కాబట్టి లోడు గెంతులు కూడా తగ్గాయి. 14.030 దగ్గర గురగుర వినిపిస్తే ఈథర్‌నెట్ కేబుల్ పీకి చూడండి. అది హ్యామ్‌లందరికీ పాత చుట్టమే.

కూల్చి చూడటం

ఎఫ్‌టీ8 (కంప్యూటర్లు పొట్టి సందేశాలు మార్చుకునే డిజిటల్ మోడ్), వాయిస్ రెండూ లినక్స్ గుండా వెళ్లక తప్పదు, ఆ సంకేతాన్ని తయారుచేసేదే అది. కాబట్టి కాపలా గట్టిగా ఉండాలి. ప్రసారంలో ఉన్నంతసేపూ పై నుంచి పికోకి ఒక హార్ట్‌బీట్ బైటు వస్తుండాలి. 200 మిల్లీసెకన్లు రాకపోతే పికో పీటీటీ దించేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. హార్ట్‌బీట్ కోసం విడిగా థ్రెడ్ పెడితే ఆడియో చచ్చినా ఆ థ్రెడ్ హాయిగా బైట్లు పంపుతూనే ఉంటుంది. అది కాపలా కాదు, నటన. నా ప్రోగ్రాములో ఆడియో బ్లాకు కోడెక్‌కి విజయవంతంగా అందాకే, అదే థ్రెడ్ నుంచి బైటు వెళ్తుంది.

పరీక్ష డమ్మీ లోడు (యాంటెన్నా బదులు శక్తిని మింగే రెసిస్టర్) మీద. ప్రసారం మధ్యలో ప్రోగ్రాముని స్టాప్ సిగ్నల్‌తో గడ్డకట్టించాను. ఏఎల్‌ఎస్‌ఏ అండర్‌రన్ గుర్తించి శబ్దం ఆపేసింది, పికో వెనకాలే పీటీటీ దించింది. ఇది మర్యాదగల చావు. అసలు పరీక్ష తర్వాత: సిస్‌ఆర్‌క్యూ అనే ఆదేశంతో కెర్నెల్‌నే కావాలని కూల్చాను. కెర్నెల్ పోయినా డీఎంఏకి (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా తరలించే యంత్రాంగం) ఆ సంగతి తెలియదు, బఫర్‌లో మిగిలిన ముక్కనే తిప్పి తిప్పి కోడెక్‌కి తోస్తూ ఉంటుంది. కాపలా తీసేసి చూస్తే పవర్ మీటరు ముల్లు అలాగే నిలబడి, మానిటర్ రిసీవర్లో అరిగిపోయిన రికార్డు. కాపలా పెట్టి చూస్తే టక్కున రిలే శబ్దం, ముల్లు సున్నాకి. ఆ టక్కు కోసమే ఈ రేడియోలో పికో ఉన్నది.

టైము, బూటు, చిల్లర పనులు

ఎఫ్‌టీ8కి గడియారం కుదరాలి. 15 సెకన్ల గడి, అందులో 12.64 సెకన్లు ప్రసారం, మిగిలిన రెండు సెకన్ల చిల్లరలో డీకోడ్ చేసి జవాబు ఎంచుకోవాలి. గడియారం ఒక సెకను పక్కకి జరిగితే కష్టాలు మొదలు. పై 4లో బ్యాటరీ గడియారం లేదు, నెట్ లేని చోట బూటు చేస్తే నిన్నటి సమయంతో లేస్తుంది. డీఎస్3231 గడియారం చిప్పు అతికించాను. దాని తప్పు 2 పీపీఎం లోపు, అంటే వారమంతా వదిలేసినా సెకను కాస్త దాటుతుందంతే. బయటికి తీసుకెళ్లినప్పుడు జీపీఎస్ మాడ్యూల్ పల్సుతో క్రోనీ అనే ప్రోగ్రాము సరిచేస్తుంది.

బూటు గురించి పెద్దగా రాయడానికి లేదు. డెస్క్‌టాప్ తీసేశాను, అక్కర్లేని సర్వీసులు ఆపేశాను, నేరుగా రేడియో ప్రోగ్రామే లేస్తుంది. అయినా స్విచ్ వెయ్యగానే పలికే పాత రిగ్గుతో పోటీ పడలేదు. రూట్ ఫైల్‌సిస్టమ్ ఓవర్‌లేతో చదవడానికి మాత్రమే ఉంది, లాగ్‌బుక్ విడి పార్టిషన్‌లో. కరెంటు తీగ లాగేసినా కార్డు పాడవదు. మామూలుగా ఆపేటప్పుడు బటన్ నొక్కితే పికో ముందు పైని నిద్రపుచ్చి, అది పడుకున్నాక 5 వోల్టులు తీసేస్తుంది.

గాల్లోకి

40 మీటర్లలో వాయిస్ మీద మొదటి పలకరింపు బాగానే సాగింది. అవతలి పెద్దాయన "ఆడియో శుభ్రంగా ఉంది ఓఎమ్ గారూ, కానీ మీరు మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకి జరిగిపోతున్నారేంటి?" అన్నారు (ఓఎమ్ అంటే 'ఓల్డ్ మ్యాన్', హ్యామ్‌ల పలకరింపు). నాబ్ ముట్టుకోలేదు నేను. స్క్రీన్ చూస్తే, ప్రసారంలో ఉండగా ఎవరో అదృశ్యంగా వేలు పెట్టినట్టు బటన్లు వాటంతటవే నొక్కుకుంటున్నాయి. కెపాసిటివ్ టచ్ పొరలోకి ఆర్‌ఎఫ్ దూరింది. స్క్రీన్ రిబ్బన్ కేబుల్‌కి చప్పటి ఫెరైట్ వేశాను, స్క్రీన్ లోహపు చట్రాన్ని ముందు ప్యానెల్‌కి నాలుగు మూలలా బిగించాను. పైగా పీటీటీ ఉన్నంతసేపూ టచ్ పట్టించుకోవద్దని ప్రోగ్రాముకి చెప్పేశాను. ఒక్క 'ఆపు' బటన్ మాత్రం పని చెయ్యాలి కదా, అది స్క్రీన్ మీద కాకుండా పికోకి కలిపిన నిజం బటన్ అయింది. ఫ్రీక్వెన్సీ మార్చమని పై అడిగినా ప్రసారంలో ఉండగా పికో ఇక ఒప్పుకోదు. ఆ నిబంధన ఫర్మ్‌వేర్లో ఒక్క లైను.

ఇంకా మిగిలినవి: 10 మీటర్లలో దొంగ స్పర్శలు పూర్తిగా పోలేదు, ఫెరైట్ మిశ్రమం మార్చి చూడాలి. అదే బ్యాండు లో-పాస్ ఫిల్టర్‌లో టొరాయిడ్ చుట్లు ఒకటి తగ్గించి రెండో హార్మోనిక్ మళ్లీ కొలవాలి. హీట్‌సింక్ థర్మిస్టర్ ఇప్పుడు పై చదువుతోంది, దాన్ని కూడా పికో ఏడీసీకి మార్చేస్తున్నాను. అది అయ్యేదాకా పెట్టె మూత బిగించను.